తుప్పు కింద పేరు: పాత సైనిక వస్తువుల వేట, వెల, వివాదాలు

ఖాట్మండులోని లగన్ సిలేఖానా ఒక పాత రాజభవనం. కాలం చెల్లిన ఆయుధాలను నేపాల్ పాలకులు తరాల తరబడి అందులోనే పడేస్తూ వచ్చారు. తూకానికి వేస్తే తుక్కు, తెలిసినవాడి కంటికి నిధి. ఆ భవనం మీద దశాబ్దాలుగా కన్నేసి ఉంచిన విదేశీ వ్యాపారులకు 2003లో దారి దొరికింది. అమెరికాకు చెందిన రెండు సంస్థలు కలిసి మొత్తం సరుకును కొని ఓడలకెక్కించాయి. లెక్క తేలితే 50 వేలకు పైగా తుపాకులు. ఈస్టిండియా కంపెనీ నాటి బ్రౌన్ బెస్ మస్కెట్లు, విక్టోరియా రాణి కాలపు మార్టినీ హెన్రీ రైఫిళ్లు, నేపాల్‌లోనే తయారైన గహేంద్ర రైఫిళ్లు, గుట్టలకొద్దీ కుక్రీలు. మట్టి, జిడ్డు వదిలించి ఒక్కొక్కటిగా సేకర్తలకు అమ్మడం మొదలుపెట్టారు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2023 మే నెలలో, లండన్‌లోని బోన్‌హామ్స్ వేలంలో ఒకే ఒక్క కత్తి కోటీ 40 లక్షల పౌండ్లు పలికింది. మన డబ్బులో 140 కోట్ల రూపాయల పైమాటే. టిప్పు సుల్తాన్ పడకగదిలో దొరికిందని చెప్పే ఖడ్గం అది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయాక, దాడికి ముందు నిలిచి నడిపించిన మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు దాన్ని బహూకరించారు. అంతకుముందు ఇదే బెయిర్డ్ మైసూరు సేనకు చిక్కి మూడేళ్లకు పైగా చెరలో మగ్గినవాడు.

లగన్ సిలేఖానా తుపాకుల్లో ప్రతిదాన్నీ ఎవరో ఒక సిపాయి భుజాన మోశాడు. అతనెవరో చెప్పగలిగేవాళ్లు లేరు. టిప్పు కత్తి ఎక్కడ దొరికిందో, ఎవరికి దక్కిందో చెప్పే రాతలున్నాయి. రెండు ధరల మధ్య అంత దూరం తెచ్చిపెట్టినవాటిలో ఉక్కు పాలు, బంగారం పాలు తక్కువ. పాత సైనిక వస్తువుల లోకంలో సేకర్త వెతికేదీ, వ్యాపారి వెల కట్టేదీ, మోసగాడు కల్పించేదీ, ప్రభుత్వాలు తగవులాడేదీ చివరికి ఒక్కదాని గురించే: ఈ వస్తువు ఫలానా మనిషిది అని చెప్పే రుజువు.

లోహం, హోదా, పేరు

సేకర్తల్లో ఎవరి పిచ్చి వాళ్లది. కొందరికి టోపీ బిళ్లలు, ఇత్తడి గుండీలు, భుజాల మీది గుర్తులు కావాలి. కొందరికి యూనిఫాంలు, హెల్మెట్లు. కొందరికి కత్తులు, బాయ్‌నెట్లు. మరికొందరు మ్యాపులు, ఉత్తరాలు, పే బుక్కులు, రేషన్ డబ్బాల వెంట పడతారు. పేలిపోయిన ఫిరంగి గుళ్ల ఇత్తడి తొడుగుల మీద పూలూ లతలూ చెక్కి కూజాలుగా మలిచిన ‘ట్రెంచ్ ఆర్ట్’కు వేరే అభిమానులున్నారు. వీటన్నిటిలో ఎక్కువ పరిశోధన జరిగిన శాఖ పతకాలది. ఈ రంగంలో పేరున్న ఆర్డర్స్ అండ్ మెడల్స్ రీసెర్చ్ సొసైటీ బ్రిటన్‌లో 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే పుట్టింది.

పతకాల చరిత్రలో రెండు మైలురాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వ్యసనం గుట్టు సగం తెలుస్తుంది. శ్రీరంగపట్నం విజయానికి ఈస్టిండియా కంపెనీ ఒక పతకం చేయించింది. పులిని అణచిపట్టిన సింహం దాని మీది బొమ్మ. పెద్ద అధికారులకు బంగారం, ఆ తర్వాతి వరుసకు బంగారు పూత వెండి, కింది అధికారులకు వెండి, హవల్దార్ల స్థాయికి కంచు, మామూలు సిపాయికి తగరం. ఆ పతకం చేతిలోకి తీసుకుంటే దాన్ని ధరించినవాడి హోదా తెలుస్తుంది, మనిషి తెలియడు. పదహారేళ్ల తర్వాత 1815లో వాటర్లూ యుద్ధం జరిగింది. దానికిచ్చిన పతకంలో జనరల్‌కూ సిపాయికీ ఒకటే వెండి. పైగా ప్రతి పతకం అంచున అది పొందినవాడి పేరు, రెజిమెంటు యంత్రంతో ముద్రించారు. చనిపోయినవాడి పతకం ఇంటివాళ్లకు అందింది.

అంచున పడిన ఆ పేరే రెండు శతాబ్దాల సేకరణకు పునాది. అప్పటి నుంచి బ్రిటిష్ పతకాల్లో చాలావాటికి నంబరు, హోదా, పేరు, దళం అంచు మీద ఉంటాయి. భూతద్దం పట్టుకుని అంచు తిప్పి చూడటం సేకర్తకు మొదట అబ్బే విద్య.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండివి దాదాపు 65 లక్షలు. భారతీయ, చైనా, మాల్టా కూలీ దళాలకు అదే పతకాన్ని కంచుతో ఇచ్చారు. అవి లక్షా పది వేల దాకా మాత్రమే. ఒకప్పుడు వివక్షకు గుర్తుగా దక్కిన ఆ కంచు బిళ్ల అరుదైనది కావడంతో ఇప్పుడు వెండిదాని కన్నా ఎక్కువ వెతుకులాటకు గురవుతోంది. వెండివాటిని వెండే దెబ్బతీసింది. 1980 జనవరిలో వెండి ధర ఔన్సుకు 50 డాలర్ల దరిదాపుకు ఎగబాకినప్పుడు, కొలిమిలోకి పోయిన పతకాలకు లెక్కలేదు. పేరున్న పతకం కూడా ఆ కొద్ది నెలల్లో తూకానికే అమ్ముడైంది.

చనిపోయినవారి ఇంటికి పతకాలతో పాటు 12 సెంటీమీటర్ల వెడల్పున్న కంచు ఫలకం ఒకటి వెళ్లేది. లివర్‌పూల్ శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ రూపకల్పన అది. 13 లక్షలకు పైగా పోతపోశారు. త్యాగంలో ఎక్కువ తక్కువలు లేవని హోదా వేయలేదు, పేరు మాత్రమే ఉంటుంది. బ్రిటిష్ జనం దాన్ని ‘చచ్చినవాడి పెన్నీ’ అని చేదుగా పిలుచుకున్నారు. హోదా, దళం లేకపోవడంతో సేకర్తకు ఇది చిక్కు ప్రశ్న. మామూలు పేరైతే అదే పేరున్న డజన్ల కొద్దీ మృతుల్లో ఫలకం ఎవరిదో తేల్చడం కష్టం. అరుదైన పేరైతే గంటలో తేలిపోతుంది. అందుకే ఒకే అచ్చులో పోసిన రెండు ఫలకాలకు రెండు ధరలు.

రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి బ్రిటన్ ఖర్చు తగ్గించుకుంది. తన సైనికులకిచ్చిన స్టార్లు, మెడళ్ల మీద పేర్లు వేయలేదు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, భారత సైనికులకు వెళ్లినవాటి మీద మాత్రం పేర్లున్నాయి. బర్మాలో పోరాడిన లండన్ కుర్రాడి బర్మా స్టార్‌కు పక్కన కాగితం లేకపోతే ఊరూ పేరూ లేదు. అదే అడవిలో పోరాడిన భారతీయ సిపాయి స్టార్ వెనక్కి తిప్పితే అతని నంబరు, పేరు కనిపిస్తాయి.

వేట మైదానాలు

సరుకు దొరికే చోట్లు అందరికీ తెలిసినవే. చనిపోయిన పెద్దల అటకలు, ట్రంకు పెట్టెలు, తాకట్టు దుకాణాలు, వేలం శాలలు. ముంబయిలో చోర్ బజార్, హైదరాబాద్‌లో గురువారం నాడు జరిగే జుమేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల సంతల్లో ఇత్తడి తాళాలు, గడియారాల మధ్య ఒక బెల్టు బకిలో, బిళ్లో తగులుతుంది. రెండో యుద్ధం ముగిశాక ‘డిస్పోజల్స్’ పేరుతో మిలిటరీ మిగులు సామాను దేశమంతటా వేలానికొచ్చింది. నీళ్ల సీసాలు, దుప్పట్లు, డేరాలు, చివరికి జీపులు కూడా అలాగే జనంలోకి వచ్చాయి. వాడి పారేసే సామానుగా చూశారు కాబట్టి చాలావరకు అరిగిపోయాయి. ఆ అరుగుదలే మిగిలినవాటికి విలువ తెచ్చింది.

యుద్ధం జ్ఞాపికగా మారడానికి ఏళ్లూ పూళ్లూ అక్కర్లేదని చెప్పే కథ ఎమ్డెన్‌ది. 1914 సెప్టెంబర్ 22న మద్రాసు మీద గుళ్లు కురిపించిన ఆ జర్మన్ నౌకను నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దెబ్బతీసింది. శిథిలాల్లో మెక్సికో వెండి నాణేలు వేలల్లో దొరికాయి. యుద్ధం ఇంకా నడుస్తుండగానే వాటిలో వెయ్యింటికి పైన కిరీటం, పట్టీ తగిలించి సిడ్నీ నగరంలోని ఒక నగల వ్యాపారి పతకాలుగా మార్చాడు. నౌక సిబ్బందికి పంచగా మిగిలినవాటిలో కొన్ని జనానికి అమ్మారు. ఇప్పుడవి వేలాల్లో ఎప్పుడో ఒకసారి కనిపిస్తాయి.

దొరకని వస్తువు కోసం సాగే వేటకు జపాన్ కత్తి హోంజో మసమునె ఆనవాలు. తొకుగావా వంశం తరతరాలుగా దాచుకున్న ఆ ఖడ్గాన్ని జపాన్ జాతీయ సంపదగా గుర్తించింది. ఓడిపోయిన దేశంలో ఆయుధాలన్నీ అప్పగించాలని అమెరికా సైన్యం ఆదేశించడంతో 1945 చివర టోక్యోలోని మెజిరో పోలీస్ స్టేషన్లో దాన్ని అందజేశారు. తర్వాతి నెల పోలీసులు దాన్ని ఒక అమెరికన్ సార్జెంట్‌కు అప్పగించి, పేరు చెవికి వినబడినట్టు రాసుకున్నారు. ఆ పేరు గలవాడు అమెరికా సైన్యం రికార్డుల్లో దొరకలేదు. లక్షలాది మామూలు సైనిక ఖడ్గాల మధ్య అది అమెరికాలో ఏ గ్యారేజీలోనైనా ఉండవచ్చని ఆశపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వస్తువు చేతికొచ్చాక రెండో వేట మొదలవుతుంది. అది పాత దస్తావేజుల్లో సాగుతుంది. బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో మొదటి యుద్ధం నాటి పతకాల సూచీ కార్డులు దాదాపు 50 లక్షలున్నాయి. అసలు సర్వీసు ఫైళ్ల గతి వేరు. 1940 సెప్టెంబర్‌లో లండన్ మీద జర్మన్ బాంబులు పడినప్పుడు గోదాములో ఉన్న సైనికుల ఫైళ్లలో సగానికి పైగా కాలిపోయాయి. మిగిలిన మాడు కాగితాలను ఇప్పటికీ ‘కాలిన దస్తావేజులు’ అనే పిలుస్తారు. పతకం మీద పేరుండి ఫైలు బూడిదైతే, పత్రికల్లో పడిన చిన్న వార్తలు, చర్చి రిజిస్టర్లు, రెజిమెంటు డైరీలు వెతికి అతుకులేసుకోవాలి. సొంత ఖర్చుతో ఏళ్ల తరబడి ఈ పని చేసే సేకర్తలు చాలామంది అనామక సైనికుల జీవితాలను వెలికితీశారన్నది ఈ వ్యాపకానికి దక్కాల్సిన మెప్పు.

భారతీయ సిపాయి విషయంలో ఈ రెండో వేట చాలాకాలం గోడకు తగిలి ఆగిపోయేది. అంచు మీది పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచిన స్పెల్లింగులో ఉంటుంది. ఊరుండదు. పంజాబ్ వరకు ఒక గొప్ప మార్పు వచ్చింది. లాహోర్ మ్యూజియంలో ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న రిజిస్టర్లలో 3 లక్షల 20 వేల మంది మొదటి యుద్ధ సైనికుల వివరాలు ఊళ్లవారీగా బయటపడ్డాయి. బ్రిటన్‌లోని పంజాబీ వారసత్వ సంఘమూ గ్రీనిచ్ విశ్వవిద్యాలయమూ కలిసి 2021 నుంచి వాటిని డిజిటల్ రూపంలో అందుబాటులోకి తెస్తున్నాయి. ముత్తాత పేరు కొట్టి ఊరు పట్టుకోగలిగిన కుటుంబాలు ఇప్పుడక్కడ ఉన్నాయి.

పేరును పుట్టించేవాళ్లు

విలువ పేరుకున్నప్పుడు దొంగ చేసేది పేరునే. పతకం మీది మామూలు సైనికుడి పేరును ఆకురాయితో అరగదీసి, పేరుమోసిన యుద్ధంలో పోరాడినవాడి పేరు చెక్కించడం పాత కిటుకు. అంచు అరిగితే వ్యాసం తగ్గుతుంది. బ్రిటిష్ పతకాల్లో చాలావాటి వ్యాసం 36 మిల్లీమీటర్లు కాబట్టి కొలిచే పరికరం జేబులో పెట్టుకుని తిరిగే సేకర్తలున్నారు. అసలు పతకంలో అక్షరాలు యంత్రంతో ఒత్తినవా, చేత్తో చెక్కినవా అన్నది కూడా ఆ పతకాన్ని బట్టి తెలిసి ఉండాలి.

బట్ట విషయంలో అతినీలలోహిత దీపం పనికొస్తుంది. రెండో యుద్ధం తర్వాత వాడుకలోకొచ్చిన సింథటిక్ దారాలు, తెలుపు పెంచే రసాయనాలు ఆ వెలుతురులో నీలంగా మెరుస్తాయి. 1940 నాటి చొక్కాకు మెరిసే దారం ఉందంటే అనుమానించాలి. అయితే అసలు చొక్కాను ఇంట్లో ఎవరైనా ఈ కాలపు సబ్బుపొడితో ఉతికినా అది మెరుస్తుంది. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదని అనుభవజ్ఞులు అందుకే అంటారు.

ఖైబర్ కనుమ ప్రాంతపు కమ్మరులు బ్రిటిష్ రైఫిళ్లకు చేసిన నకళ్లు వేరే తరహావి. పనితనంలో వాళ్లది గొప్ప చేయి, చదువులో కాదు. అక్షరాలు తిరగబడి ఉంటాయి. విక్టోరియా రాణి 1901లోనే పోయినా, ఆమె ముద్ర పక్కన ఆ తర్వాతి సంవత్సరాలు వేసిన తుపాకులు కాబూల్ బజార్లలో అమెరికా సైనికులకు జోరుగా అమ్ముడయ్యాయి. తమాషా ఏమిటంటే వీటిని వీటికోసమే సేకరించేవాళ్లు కూడా తయారయ్యారు.

అసలు సంస్థే, అసలు అచ్చులతోనే, ఆలస్యంగా కొట్టిన పతకాలు ఇంకో తలనొప్పి. సుభాష్ చంద్ర బోస్ జర్మనీలో ఉండగా నెలకొల్పిన ఆజాద్ హింద్ పతకాలను వియన్నాలోని సూవాల్ సంస్థ తయారుచేసింది. యుద్ధం తర్వాత కూడా ఆ సంస్థ పాత అచ్చులు వాడి రకరకాల పతకాలు కొట్టింది. అచ్చు ఒకటే, చేసినవాడు ఒకడే. ఒకటి చరిత్ర, ఒకటి జ్ఞాపిక. వాటిని విడదీయడానికి లోహం, బరువు, పిన్నుల తీరు మీద నిపుణులు వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ బజారు నుంచే ఇరవయ్యో శతాబ్దపు అతిపెద్ద ఫోర్జరీల్లో ఒకటి బయల్దేరింది. కొన్రాడ్ కుయావ్ అనే జర్మన్ నాజీ వస్తువుల వ్యాపారి. చిన్నచిన్న బొమ్మలకు, హెల్మెట్లకు హిట్లర్ పేరుతో దొంగ కాగితాలు జతచేసి అమ్మడం అతని జీవనోపాధి. వస్తువు కన్నా కాగితమే ఎక్కువ పలుకుతుందని గ్రహించాక హిట్లర్ డైరీలే రాసేశాడు. ‘స్టెర్న్’ పత్రిక 93 లక్షల మార్కులకు వాటిని కొని 1983 ఏప్రిల్‌లో ప్రపంచానికి చాటింది. చరిత్రకారుడు హ్యూ ట్రెవర్ రోపర్ మొదట నిజమేనన్నాడు. అట్టల మీద అంటించిన పొడి అక్షరాల్లో ‘ఎ’కు బదులు ‘ఎఫ్’ ఉందన్న సంగతి కూడా ఎవరినీ ఆపలేదు. రెండు వారాల్లోనే జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ కాగితాన్ని పరీక్షించి, యుద్ధం తర్వాతే వాడుకలోకొచ్చిన తెలుపు రసాయనం అందులో ఉందని తేల్చింది.

నిపుణుడే మోసగాడైతే పరీక్షలేవీ అక్కరకు రావు. అమెరికాలో పాత వస్తువులకు వెలకట్టే ప్రసిద్ధ టీవీ కార్యక్రమంలో సైనిక వస్తువుల నిపుణులుగా కనిపించిన ఇద్దరు వ్యాపారులు 1990ల్లో సైనికుల వారసులను నమ్మించి వస్తువులు కారుచౌకగా రాబట్టారు. అంతర్యుద్ధంలో దక్షిణాది జనరల్ పికెట్ వస్తువులను ఆయన వారసుడి దగ్గర కొని, దాదాపు పది రెట్ల ధరకు ఒక నగర మ్యూజియానికి అంటగట్టారు. చివరికి ఇద్దరికీ కోర్టులో శిక్ష పడింది.

చావని మందుగుండు, చట్టపు కంచె

పాత గుండు చచ్చిపోయిందనుకోవడం ప్రాణాంతకం. 2008లో అమెరికాలోని వర్జీనియాలో ఎన్నో ఏళ్ల అనుభవమున్న ఒక సేకర్త తన ఇంటి వాకిట్లో అంతర్యుద్ధం నాటి నౌకా ఫిరంగి గుండును శుభ్రం చేస్తుంటే అది పేలి అతను చనిపోయాడు. 140 ఏళ్ల నాటి ఆ గుండు ముక్క పావు మైలు దూరంలోని ఇంటి వసారాను ఛేదించుకుని పోయింది. బెల్జియం, ఫ్రాన్స్ రైతులు నాగలి పెట్టిన ప్రతి ఏడూ మొదటి యుద్ధపు గుళ్లు బయటపడుతూనే ఉన్నాయి, వాటిలో విషవాయువువి కూడా ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో ఒక అమెరికన్ కుటుంబం గోలన్ కొండల్లో దొరికిన పేలని షెల్లును జ్ఞాపకంగా తీసుకెళ్దామని ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విమానాశ్రయానికి పట్టుకొచ్చింది. అక్కడ జనం చెల్లాచెదురై పరుగులు తీశారు.

నేల తవ్వకాల మీద దేశదేశానికీ ఆంక్షలున్నాయి. బ్రిటన్‌లో కూలిన సైనిక విమానాలనూ, మునిగిన కొన్ని నౌకలనూ లైసెన్సు లేకుండా తాకడం 1986 చట్టం ప్రకారం నేరం. అమెరికాలో జాతీయ పార్కుల కిందున్న యుద్ధభూముల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగితే కేసు.

మన దేశంలో సేకర్త మూడు చట్టాలను దాటుకుని నడవాలి. మొదటిది 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం. 1976 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. చారిత్రక ప్రాధాన్యమున్న వస్తువుకు నూరేళ్లు నిండితే పురావస్తువు కింద లెక్క. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఈ గీత నిలకడగా ఉండదు, ఏటా ముందుకు జరుగుతుంది. నిన్నటిదాకా పాత సామానుగా ఉన్న మొదటి ప్రపంచ యుద్ధం వస్తువులు 2018 నాటికి నూరేళ్లకు చేరాయి. రెండోది 1959 ఆయుధాల చట్టం. తాతల నాటి తుపాకీ అయినా లైసెన్సు తప్పదు, 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. కత్తులు, బాయ్‌నెట్లు కూడా ఈ చట్టం నియమాల జాబితాలో ఉన్నాయి. మూడోది శిక్షాస్మృతి. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. గోడకు తగిలించుకున్న పాత యూనిఫాంతో ఇబ్బంది లేదు, వేసుకుని వీధిలోకి వెళ్లి మిలిటరీవాడినని చెప్పుకుంటేనే చిక్కు.

అమ్మకూడని వస్తువులు ఉన్నాయా?

ఇక్కడ దేశాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌ను అమ్మడం, కొనడం ఫెడరల్ నేరం. బ్రిటన్‌లో విక్టోరియా క్రాస్ బహిరంగ వేలంలో దొరుకుతుంది. 1856లో నెలకొల్పిన ఈ కంచు శిలువలో లోహం విలువ నామమాత్రం. ఇప్పటిదాకా ఇచ్చినవి 1,358. వాటిలో రెండు వందలకు పైగా ఒక్క మనిషి దగ్గరే చేరాయి. వ్యాపారవేత్త లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ 1986లో మొదటిది కొన్నాడు. 2009లో కెప్టెన్ నోయెల్ చవాస్ రెండుసార్లు గెలుచుకున్న శిలువకు దాదాపు 15 లక్షల పౌండ్లు ఇచ్చాడు. చవాస్ సైనిక వైద్యుడు, గాయపడినవారిని కాపాడే పనిలో ప్రాణం పోగొట్టుకున్నవాడు. ఆ సేకరణ కోసం 2010లో లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ప్రత్యేక గ్యాలరీ తెరిచారు, 2025లో మూసేశారు. ధనవంతుడు కొనకపోతే అవి చెల్లాచెదురయ్యేవన్నది ఒక వాదన. జనం చూడగలరా లేదా అన్నది ఒక్కరి ఇష్టం మీద ఆధారపడకూడదన్నది దానికి జవాబు.

నాజీ వస్తువుల మీద తగవు ఇంకా పదునైనది. జర్మనీలో స్వస్తిక గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం నేరం, బోధనకూ పరిశోధనకూ మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియా 2024 జనవరి నుంచి వాటి వ్యాపారాన్నే నిషేధించింది. 2019లో మ్యూనిక్ వేలంలో హిట్లర్ టోపీతో సహా కొన్ని వస్తువులను అబ్దల్లా షతీలా అనే స్విట్జర్లాండ్ వ్యాపారి లక్షల యూరోలు పోసి కొన్నాడు. ఆరాధకుల చేతిలో పడకూడదని కొని, ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థకు చేరేలా ఇచ్చేశాడు. మెచ్చుకున్నవాళ్లెందరో, ఆ డబ్బు మళ్లీ అదే బజారును బతికిస్తుందని నొసలు చిట్లించినవాళ్లూ ఉన్నారు.

దోపిడీ సొత్తు సంగతి మనకు మరీ దగ్గరిది. టిప్పు సింహాసనం మీది బంగారు పులి తల ఒకటి విదేశానికి అమ్ముడుపోబోతుంటే, 2021లో బ్రిటిష్ ప్రభుత్వం అది తమ జాతీయ వారసత్వానికి ముఖ్యమంటూ ఎగుమతిని తాత్కాలికంగా ఆపింది. మహారాష్ట్ర వేరే దారి పట్టింది. 2025 ఏప్రిల్‌లో లండన్ వేలానికి వచ్చిన మరాఠా సేనాని రఘోజీ భోంస్లే కత్తిని దాదాపు 47 లక్షల రూపాయలకు దక్కించుకుని, ఆగస్టులో ముంబయికి తెచ్చుకుంది. మన కత్తిని మనమే కొనుక్కోవాలా అని అడిగినవాళ్లున్నారు. అడుగుతూ కూర్చుంటే ఎవరి గోడకో ఎక్కేదన్నది దానికి జవాబు.

కొనకుండా తిరిగి రప్పించుకునే దారి కూడా ఉంది, దానికి ఉదాహరణ హైదరాబాద్ కత్తి. పాము ఒంపులు తిరిగిన ఆ ఖడ్గం నిజాం భాండాగారంలోది. 1905లో అక్కడి నుంచి అక్రమంగా బయటికొచ్చి బ్రిటిష్ జనరల్ ఆర్చిబాల్డ్ హంటర్‌కు అమ్ముడైంది. 1978లో ఆయన బంధువు గ్లాస్గో మ్యూజియాలకు ఇచ్చాడు. 2022 ఆగస్టులో గ్లాస్గో నగరం ఏడు వస్తువులను భారత్‌కు తిరిగి ఇవ్వడానికి ఒప్పందం చేసుకుంది. అందులో ఈ కత్తి ఒకటి. అది ఎప్పుడు, ఎవరి చేతికి, ఎలా వెళ్లిందో మ్యూజియం దస్తావేజుల్లో ఉండబట్టే అది సాధ్యమైంది.

కొందరు సేకర్తలు తామే వెనక్కి ఇస్తున్నారు. జపాన్ సైనికులు ఇంటివాళ్ల, ఇరుగుపొరుగువాళ్ల సంతకాలున్న జెండాను ఒంటి మీద దాచుకుని యుద్ధానికి వెళ్లేవారు. అమెరికా సైనికులు వేల కొద్దీ తెచ్చుకున్న ఆ జెండాలను అమెరికాలోని ఓబాన్ సొసైటీ చిరునామాలు పట్టుకుని జపాన్ కుటుంబాలకు చేరుస్తోంది. టెక్సాస్‌లో మ్యూజియంగా ఉన్న లెక్సింగ్టన్ యుద్ధనౌక కూడా 2023లో తన దగ్గరున్న జెండాను అలా అప్పగించింది.

తెలుగు నేల మీది ఆనవాళ్లు

తెలుగువాళ్లకు సైనిక చరిత్ర తక్కువన్న అభిప్రాయాన్ని ఈ వస్తువులు ఒప్పుకోవు. 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హైవుడ్ దగ్గర గుర్రాల మీద దూసుకెళ్లిన 20వ దక్కన్ హార్స్ మూలాలు నిజాం ఖర్చుతో నడిచిన హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి. 1918 సెప్టెంబర్‌లో హైఫాను గెలిచిన అశ్వికదళ బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూరు దళాలతో పాటు హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాలు మూడూ ఆ మూడు సంస్థానాలవే. అదే కాలంలో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్ తొలి విమానాలు నిజాం కానుక. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ బ్యాడ్జీ మీద ఏకంగా నిజాం తలపాగా ఉంటుంది. ఈ బ్యాడ్జీలు ఇంగ్లండ్ వేలాల్లో తిరుగుతుంటాయి.

సిపాయిల వైపు నుంచి చూస్తే పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం ఉంది. తరతరాలుగా ఇంటికొకరన్నట్టు సైన్యంలోకి పంపిన ఊరది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపింది, చనిపోయినవారికి స్మారకం కట్టుకుంది. ఇలాంటి ఊళ్ల ట్రంకు పెట్టెల్లో ఉన్నది సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో కనిపించదు. 1951లో తెరిచిన ఆ మ్యూజియం మూడో సాలార్‌జంగ్ అభిరుచికి అద్దం. రాజుల కత్తులు, పొదిగిన పిడులు, నగిషీలున్న డాళ్లు అక్కడ చూడాలి. సిపాయి నీళ్ల సీసా కోసం ఇంకెక్కడికైనా వెళ్లాలి.

విశాఖపట్నం ఈ మొత్తం ప్రశ్నను ఒక్క తీరంలో చూపిస్తుంది. 2001లో సేవ ముగించిన కుర్సురా జలాంతర్గామిని రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియం చేశారు. దాని ఎదురుగా 2017లో టీయూ-142 విమానం వచ్చి చేరింది. కొద్ది దూరంలో సముద్రం అడుగున పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఉంది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి 93 మందితో మునిగిపోయింది. 2024లో మన నౌకాదళం ఆధునిక రక్షక వాహనంతో దాని శిథిలాన్ని కచ్చితంగా గుర్తించి కూడా, చనిపోయినవారి మీద గౌరవంతో చెయ్యి పెట్టలేదు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన విక్రాంత్ యుద్ధనౌకకు ఆ మర్యాద దక్కలేదు. మ్యూజియంగా నిలిపి ఉంచే స్తోమత లేదని 2014లో ముంబయిలో తుక్కు చేశారు. ఆ ఉక్కు కొంత కొని, కరిగించి, బజాజ్ సంస్థ 2016లో వి15 మోటార్ సైకిల్ ట్యాంకుల్లో వాడి అదే ప్రచారంగా అమ్ముకుంది. పాత బండ్ల దుకాణాల్లో ఆ మోటార్ సైకిళ్లు ఇప్పుడు విక్రాంత్ పేరు చెప్పి బేరానికి వస్తున్నాయి.

ఈ రంగం బలాబలాలు తూస్తే, అధికారుల పతకాల మీద పుస్తకాలకు పుస్తకాలున్నాయి, సిపాయి పతకాల మీద రాసింది తక్కువ. లాహోర్ రిజిస్టర్లకు జరిగినంత పని మద్రాసు ప్రెసిడెన్సీ సైనికులకు జరగలేదు. అలాంటప్పుడు రెండో యుద్ధంలో మన సిపాయిలకిచ్చిన స్టార్ల వెనక ఉన్న పేర్లు వాటంతట అవే ఒక రిజిస్టరు. తెలుగు ఇళ్లలో అవి ఇంకా ఉన్నాయి, పిల్లలు వేరే ఊళ్లకు వెళ్లిపోయాక పాత సామాన్లవాడికి తూకానికి పోతున్నాయి. అమ్మే ముందు అంచు, వెనక భాగం స్పష్టంగా ఫొటో తీసి, నంబరు, దళం పేరు ఉన్నదున్నట్టు రాసుకుని, ఇంట్లో బతికున్న పెద్దవాళ్లకు ఆ మనిషి గురించి తెలిసిందంతా రికార్డు చేసి పెట్టుకుంటే, ఆ పతకం తర్వాత ఎవరి చేతికి వెళ్లినా అది ఎవరిదో చెప్పే కాగితం దాని వెంట ఉంటుంది.